"మేమేం అడగం సార్" అనకండి

కావలి దగ్గర ఒక భవిత సెంటర్‌లో ప్రత్యేక అవసరాల పిల్లలకు పాఠాలు చెప్తాను. మా వైపు జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు చాలామంది అనే మాట, "తోలు తీయండి సార్, మేమేం అడగం." టీచర్ మీద నమ్మకంతోనే అంటారు. కానీ నోరు లేని పిల్లల మీద ఆ మాట ఎలా పడుతుందో నేను చూశాను.

మా దగ్గరికొచ్చే ఒక బాబుకి వినపడదు, మాటలు రావు. ఓ రోజు బొమ్మలతో బడి ఆట ఆడుతూ ఒకదాన్ని గోడకుర్చీ వేయించాడు. ఇంకోదానికి తొడపాశం పెట్టాడు. ఆ తర్వాత తన నిక్కరు అంచు పైకి లాగి నాకు చూపించాడు. తొడ లోపలి వైపు రూపాయి బిళ్ళంత మేర కమిలిపోయి ఉంది. బడిలో కనుక్కుంటే, హాజరు పిలిచినప్పుడు పలకలేదట! వినపడని పిల్లాడు ఎట్లా పలుకుతాడు?

వాళ్ళమ్మ మాత్రం "అల్లరి చేసుంటాడులే మేడమ్" అంది. గట్టిగా అడిగితే బడి మానిపిస్తారేమోనని ఆమె టెన్షన్. ఇలాంటి పిల్లల్ని చేర్చుకోవడమే పెద్ద ఉపకారమని మనవాళ్ళు అనుకుంటారు. అది ఉపకారం కాదు, ఆ బిడ్డ హక్కు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. తల్లిదండ్రులు ఒప్పుకున్నంత మాత్రాన కొట్టే హక్కు ఎవరికీ రాదు. నలుగురి ముందు "మూగోడా, కుంటోడా" అని కావాలని అవమానిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు శిక్ష ఉంది.

హెడ్‌మాస్టర్‌కి కాగితం మీద రాసిచ్చాం. ఇప్పుడు బాబుని ముందు బెంచీలో కూర్చోబెడుతున్నారు, హాజరుకి భుజం తట్టి పిలుస్తున్నారు. ఈపాటి దానికి బెత్తం ఎందుకు చెప్పండి?

చెప్పుకోలేని పిల్లలకు స్నానం చేయించేటప్పుడు ఒళ్ళు చూడండి. ఉన్నట్టుండి బడికి పోనని మొండికేసినా, మళ్ళీ పక్క తడుపుతున్నా తిట్టకండి, ఆరా తీయండి. ఫిర్యాదు తేదీ వేసి రాసివ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. బడిలో వినకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ) ఉన్నారు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. లైంగికంగా ఏదైనా జరిగిందని తెలిస్తే మాత్రం పెద్దమనుషుల పంచాయితీ వద్దు, నేరుగా పోలీసులకే చెప్పాలి. పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరికీ అది బాధ్యతే, టీచర్లతో సహా.