ఒడియా అక్షరాల్లో తెలుగు చీటీలు

మాది ఒడిశాలో, గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ప్లస్ టూ చదువుతుండగా మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ ఇంటికొచ్చి, మీ అమ్మాయిని సాథియాగా పెడతామని అడిగింది. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో, 10 నుంచి 19 ఏళ్ల పిల్లలతో ఆరోగ్యం గురించి మాట్లాడే తోటి వయసువాళ్లని సాథియాలంటారు. అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "ఆడపిల్లవి, నలుగురిలో అలాంటివి మాట్లాడితే రేపు సంబంధాలెలా వస్తాయే?" అంది. వారం రోజులు బతిమాలితే, మీటింగు మా అరుగు మీదే, తన కళ్లముందే జరగాలని చెప్పి సరేనంది.

శిక్షణలో తిండి, నెలసరి, మత్తు అలవాట్లు, మనసు బాధలు, దెబ్బలు, హింస, పెద్దయ్యాక వచ్చే బీపీ, షుగర్ లాంటివన్నీ చెప్పారు. మొదటి మూడు ఆదివారాలు నేను ఒడియా పుస్తకం పట్టుకుని చదువుతుంటే గుంటలందరూ తలలు దించుకుని కూర్చునేవారు. రక్తహీనత అన్నాను. ఒడియాలోనూ అదే మాట, అయినా ఎవరికీ పట్టలేదు. నాలుగో వారం పుస్తకం మూసేసి, "చెరువు గట్టు ఎక్కితే ఆయాసం ఎవరికొస్తంది, మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూసుకుపోయేది ఎవరికి?" అని మన మాటల్లో అడిగితే ఏడుగురు చేతులెత్తారు.

అప్పుడే నీలం మాత్రల సంగతి బయటపడింది. బడిలో వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్రని చాలామంది గోడవతల పారేస్తున్నారట. ఒకమ్మాయికి వాంతి వచ్చింది, ఇంకో అమ్మాయికి విరేచనం నల్లగా అయ్యింది, లోపలేదో పాడయిందని ఇద్దరూ హడలిపోయారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం వస్తుందనీ, నలుపు ఐరన్ వల్లేననీ ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బావుండేది! నా మాత్ర నేను అన్నం తిన్నాక వాళ్ల ముందే వేసుకున్నాను. వెంటనే టీ తాగొద్దని, అన్నంలో నిమ్మకాయ పిండుకోమని చెప్పాను.

అయినా అసలు ప్రశ్నలు నోటితో రావు కదా. అందుకే ఖాళీ బిస్కెట్ డబ్బా మూతకి కన్నం పెట్టి అరుగు మీద పెట్టాను, పేరు రాయక్కర్లేదన్నాను. మొదటి వారం రెండే చీటీలు. విప్పితే మాటలు తెలుగు, అక్షరాలు ఒడియా! చాలామందికి తెలుగు రాయడం రాదు మరి, అలాగని మనసులో మాట ఒడియాలో అడగలేరు. "అమ్మకి చెప్పకుండా డాక్టర్ని అడగొచ్చా?" అని పెన్సిల్‌తో, రెండుసార్లు చెరిపి రాసిన ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ పిల్ల ఎవరో తెలియదు కాబట్టి అందరినీ కలిపి ఆసుపత్రిలో మా వయసు పిల్లల కోసం ఉన్న శ్రద్ధా క్లినిక్‌కి తీసుకెళ్లాను. మొదటిసారి తలుపు తాళం వేసుంది, ఎండలో తిరిగొచ్చాం, నాకు ఏడుపొచ్చింది. రెండోసారి ఆశా దీదీ ముందే ఫోన్ చేసి కనుక్కుంది. అక్కడ సలహాలు చెప్పే కౌన్సెలర్ ఒక్కొక్కరితో తలుపేసి మాట్లాడారు.

మొన్న డబ్బాలో మగపిల్లాడి చీటీ ఒకటి దొరికింది. ఖైనీ మానేద్దామని రెండు రోజులు ఆగితే అందరి మీదా పిచ్చి కోపం వస్తోందట. మానేసిన మొదటి రోజుల్లో అలాగే ఉంటుంది, కొన్ని వారాల్లో తగ్గుతుంది అని రాసి, పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 నంబరు కింద వేసి అరుగు గోడకి అంటించాను. సాయంత్రానికి ఆ కాగితం లేదు. మళ్లీ రాసి అంటించాను. మగపిల్లల తరఫున సాథియా మాకింకా లేడు, ఆశా దీదీ, నేను ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాం.