పూత ఉన్నా తేనె లేదు

గుంటూరులో మా మేడ మీద తేనెటీగల పెట్టెలు పెట్టాక ఇది రెండో వేసవి. నావి చెట్టు తొర్రల్లో కాపురముండే మన నాటు ఈగలు. తిండి తగ్గినా, ఎండ ముదిరినా గూడు వదిలేసి పోతాయి.

పోయిన ఏప్రిల్‌లో వీధి పొడుగునా వేపపూత, కానుగపూత. ఇక తేనెకేం లోటు అనుకున్నాను. తీరా పెట్టె ఎత్తి చూస్తే రోజురోజుకీ తేలికవుతోంది. మధ్యాహ్నమైతే ఈగలు పెట్టె గుమ్మం బయట గుత్తులుగా వేలాడుతున్నాయి. లేచిపోతాయేమోనని ఒకటే టెన్షన్. ఊళ్లో ఈగలు పెంచే బాబాయికి ఫోన్ చేశాను.

"నీళ్లు పెట్టావురా?"

"లేదు బాబాయ్."

"పూత సంగతి తర్వాత. ముందు గుమ్మం దగ్గర కూర్చుని, ఏ వేళకి ఏం తెస్తున్నాయో చూడు."

మర్నాడు ఆరింటికే కూర్చున్నాను. తొమ్మిది దాకా రాకపోకలు జోరుగా ఉన్నాయి, కాళ్లకి పుప్పొడి ముద్దలు. పదకొండు దాటాక వచ్చేవన్నీ పక్కింటి కుళాయి దగ్గర్నుంచే. పిల్ల పురుగులున్న తేనెపట్టు 34, 35 డిగ్రీల దగ్గర ఉండాలి. బయట 42 ఉంటే ఈగలు నీళ్లు తెచ్చి అరల్లో పరిచి, రెక్కలతో విసిరి చల్లబరుస్తాయి. తేనె తేవాల్సినవే నీళ్లు మోస్తున్నాయన్నమాట!

పూల వైపు కథ వేరు. ఆకు వండిన చక్కెర, వేరు తోడిన నీరు కలిస్తేనే మకరందం. నేలలో తడి ఆరిపోయి వేడి పెరిగితే పువ్వు విచ్చుకున్నా అందులో ఊరేది తక్కువ. ఆ కాస్తా ఎండకి చిక్కబడుతుంది, మరీ చిక్కనైతే ఈగ పీల్చలేదు. ధనియాలు పూసే జనవరిలో ఇవే ఈగలు సాయంత్రం దాకా పని చేశాయి.

కంగారులో ఒక పెట్టెని పట్టపగలే కింద మామిడి నీడకి దించాను. చాలా తప్పు చేశాను. మేతకెళ్లిన ఈగలన్నీ పాత చోటికే వచ్చి ఖాళీ బల్ల మీద ముద్దగా కూర్చున్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ మర్చిపోలేను. పెట్టెని మళ్లీ పైకే ఎక్కించి, కొబ్బరాకుల పందిరి వేసి, మూకుడులో గులకరాళ్లు పోసి నీళ్లు పెట్టాను. సాయంత్రాలు పంచదార పాకం.

అయినా మే నెలలో ఆ పెట్టె ఖాళీ అయింది. రెండోది నిలిచింది. ఈ ఏడాది దాని తేనె ఒక్క చుక్క కూడా తియ్యలేదు. పందిరి ఉగాదికే వేసేశాను.