ఓటు లేదు, మూడు నిమిషాలున్నాయి: ఆస్టిన్ కరెంటు రేట్ల విచారణలో నా అనుభవం

మా ఊరు ఆస్టిన్‌లో కరెంటు సంస్థ ఊరిదే. ఆస్టిన్ ఎనర్జీ అని పేరు కంపెనీలా వినిపిస్తుంది గానీ, అది సిటీలో ఒక డిపార్ట్‌మెంట్. 1895లో మొదలైంది. టెక్సస్‌లో 2002లో కరెంటు అమ్మకాన్ని ప్రైవేటు పోటీకి తెరిచినప్పుడు ఊళ్ళ సొంత సంస్థల్నీ, సహకార సంఘాల్నీ మీ ఇష్టం అని వదిలేశారు. ఆస్టిన్ పోటీలోకి దిగలేదు. పక్కనే రౌండ్ రాక్‌లో ఉన్న మన తెలుగువాళ్ళు కాంట్రాక్టు అయిపోగానే ఏ కంపెనీ ప్లాన్ చవక అని వెతుక్కుంటూ ఉంటారు. నాకు ఆ బాధా లేదు, ఆ అవకాశమూ లేదు. కరెంటు, నీళ్ళు, చెత్త అన్నీ కలిపి సిటీ ఒకే బిల్లు పంపిస్తుంది.

2022 ఏప్రిల్‌లో ఆస్టిన్ ఎనర్జీ రేట్ల మార్పుకి ప్రతిపాదన పెట్టింది. ఏడాదికి సుమారు 4.8 కోట్ల డాలర్లు అదనంగా కావాలని అడిగింది. మామూలుగా అయితే వార్త చదివి వదిలేసేదాన్ని. అందులో ఒక లైను మాత్రం ఆపేసింది. నెలనెలా కట్టే కస్టమర్ చార్జీని 10 డాలర్ల నుంచి 25కి పెంచుతారట. మన కరెంటు బిల్లుల్లో కూడా ఈ పేరుతో ఒక వరస ఉంటుంది కదా, ఫ్యాన్ వేసినా వేయకపోయినా కట్టేది, అదే.

ఆదివారం నెల్లూరుకి ఫోన్ చేసినప్పుడు నాన్నకి ఈ సంగతి చెప్పాను. ఆయన రిటైరయ్యాక డిస్కంల టారిఫ్ ప్రతిపాదనలు వచ్చినప్పుడల్లా, కరెంటు రేట్లు ఖరారు చేసే రాష్ట్ర కమిషన్ ఈఆర్‌సీకి అభ్యంతరాలు రాసి పంపే మనిషి.

"మీకు ఈఆర్‌సీ లాంటిది లేదా అమ్మా?"

"రాష్ట్రానికి ఒక కమిషన్ ఉంది నాన్నా. కానీ ఊరి సొంత కరెంటు సంస్థ రేట్లు దాని చేతిలో ఉండవు. సిటీ కౌన్సిలే నిర్ణయిస్తుంది."

"అమ్మేదీ వాళ్ళే, రేటు పెట్టేదీ వాళ్ళే అయితే ఇంకెవడమ్మా అడిగేది?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. కనుక్కుందామనే ఇందులో దిగాను.

ముందు ఎవరి కింద ఎవరున్నారో చూసుకున్నాను. అన్నిటికీ పైన కౌన్సిల్. మేయర్, పది డిస్ట్రిక్టుల నుంచి పది మంది సభ్యులు, మొత్తం పదకొండు. కరెంటు సంస్థకి బోర్డు అంటే వీళ్ళే. ఆస్టిన్ ఎనర్జీ జనరల్ మేనేజర్‌ని పెట్టేది మాత్రం సిటీ మేనేజర్, అంటే ఊరి పాలన నడిపే అధికారి. ఆ సిటీ మేనేజర్ని పెట్టేదీ, తీసేసేదీ కౌన్సిల్. పక్కన ఎలక్ట్రిక్ యుటిలిటీ కమిషన్ అని ఒకటి ఉంది. కౌన్సిల్ సభ్యులు తలా ఒకరిని నియమిస్తారు. వాళ్ళది సలహా మాత్రమే, ఆర్డరు వేసే అధికారం లేదు. ఇక్కడికి 80 మైళ్ళ దూరంలో ఉన్న శాన్ ఆంటోనియోలో పద్ధతి వేరు. అక్కడ సీపీఎస్ ఎనర్జీ కూడా ఊరిదే, కానీ దానికి ఐదుగురు ట్రస్టీల బోర్డు ఉంది. మేయర్ అందులో ఒకరు. రేట్లు పెంచాలంటే మాత్రం అక్కడా కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఆస్టిన్‌లో కూడా 2013లో విడిగా బోర్డు పెడదామని ప్రయత్నం జరిగింది, సాగలేదు. ఉదయం ఎక్కడ ఏం కట్టొచ్చన్న జోనింగ్ గొడవలు, మధ్యాహ్నం పార్కులు చూసే సభ్యులు సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్ల లెక్కలు ఎంత లోతుగా చూడగలరన్న అనుమానం నాకూ ఉంది. కాకపోతే బోర్డు ట్రస్టీకి నా బిల్లు చూసి భయం వేయదు. కౌన్సిల్ సభ్యుడికి వేస్తుంది, మళ్ళీ ఓట్లకి రావాలి కాబట్టి.

నాకు ఓటు లేదనుకోండి. హెచ్‌1బీ మీద ఉన్నదాన్ని. "నీకు ఓటే లేనప్పుడు నీ మాట ఎవరు వింటారక్కా" అని స్నేహితురాలు నవ్వింది. ఆమెది ఊరి చివర పెద్ద ఇల్లు, వెనక స్విమ్మింగ్ పూల్, గ్యారేజీలో టెస్లా. ఇంకోమాట కూడా అంది: "అయినా ఈ ప్రతిపాదన వస్తే మాకు లాభమే." నిజమే. అప్పటి రేట్లలో ఐదు స్లాబులుండేవి. మొదటి 500 యూనిట్లకి బేస్ రేటు (కరెంటు కొనుగోలు ఖర్చు కలపకుండా) యూనిట్‌కి మూడు సెంట్ల లోపు, 2500 దాటితే పది సెంట్ల పైన. సంస్థ వాదన ఏమిటంటే, తీగలు, స్తంభాలు, సబ్‌స్టేషన్ల ఖర్చు అందరికీ ఒకటే, కానీ ఆ డబ్బంతా ఎక్కువ వాడేవాళ్ళ నుంచే వస్తోంది. కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్లలో వాడకం తక్కువ, కనెక్షన్లు పెరిగినా ఆదాయం ఆ లెక్కన పెరగడం లేదు. అందుకే స్లాబులు తగ్గించి, కస్టమర్ చార్జీ పెంచుతామన్నారు. వాదనలో పస లేదని అనను. ఆ భారం చిన్న ఇళ్ళ మీద ఒక్కసారిగా పడటమే నాకు నచ్చలేదు.

విచారణ జరిగే తీరు నన్ను ఆశ్చర్యపరిచింది. కోర్టు కేసులాగే నడిపారు. వాదనలు విని సిఫారసు చేయడానికి సిటీ బయటి నుంచి ఒక హియరింగ్ ఎగ్జామినర్‌ని తెచ్చింది. ఇళ్ళ తరఫున, చిన్న వ్యాపారాల తరఫున వాదించడానికి ఒక కన్స్యూమర్ అడ్వొకేట్‌కి సిటీయే డబ్బిచ్చి పెట్టింది. పర్యావరణ సంస్థ సియెర్రా క్లబ్, వినియోగదారుల సంస్థ పబ్లిక్ సిటిజన్, చిప్‌లు తయారుచేసే ఎన్‌ఎక్స్‌పీ లాంటివాళ్ళు పార్టీలుగా, అంటే కక్షిదారులుగా చేరి సంస్థని రాతపూర్వకంగా ప్రశ్నలడిగారు. సంస్థ జవాబులు రాయాల్సి వచ్చింది. నాన్నకి ఇది చెప్తే "ఆ అడ్వొకేట్‌కి జీతం ఎవరిస్తున్నారు? సిటీయేగా?" అన్నారు. ఔను మరి. అయినా ఆ అడ్వొకేట్ దాఖలు చేసిన కాగితాలు చదివితే సిటీ మీద జాలి చూపించినట్టు ఎక్కడా కనిపించలేదు.

నేను పార్టీగా చేరలేదు, అంత తీరిక లేదు. ప్రతిపాదన పత్రాలు వందల పేజీలున్నాయి. నేరుగా రేట్ల పట్టికకి వెళ్ళి మా బిల్లు పక్కన పెట్టుకున్నాను. చలి తగ్గి ఎండలు ముదరని నెలల్లో మా ఇంట్లో 400 యూనిట్లు కాలుతుంది. అప్పటి లెక్కన కస్టమర్ చార్జీ 10, యూనిట్లకి 11.20, మొత్తం బేస్ బిల్లు 21 డాలర్ల 20 సెంట్లు. కొత్త ప్రతిపాదనలో కస్టమర్ చార్జీ ఒక్కటే 25. అంటే ఒక్క యూనిట్ కూడా కాల్చకుండా, అప్పుడు 400 యూనిట్లకి కట్టేదానికంటే ఎక్కువ కట్టాలి. అంతకంటే చెప్పడానికి నాకేమీ అవసరం లేదనిపించింది.

మొదట ఎలక్ట్రిక్ యుటిలిటీ కమిషన్‌లో మాట్లాడాను. ఆ మీటింగులు ఊళ్ళో మ్యుల్లర్ అనే పేటలోని ఆస్టిన్ ఎనర్జీ ఆఫీసులో, సోమవారాల్లో జరుగుతాయి. పౌరసత్వం, ఓటరు కార్డు ఎవరూ అడగరు. పేరు రాయించుకుంటే మూడు నిమిషాలు ఇస్తారు. గదిలో జనం లేరు, కమిషనర్లు నింపాదిగా విన్నారు. ఒకాయన నా బిల్లు లెక్క మళ్ళీ చెప్పమని అడిగి నోట్ చేసుకున్నారు. మీది అపార్ట్‌మెంటా, ఇల్లా అని ఆరా తీశారు. సలహా కమిటీ కదా, ఏం లాభం అనుకునే చోటే తీరిగ్గా మాట్లాడే వీలు దొరికింది.

కౌన్సిల్ తుది ఓటింగు డిసెంబరు 1, గురువారం. సిటీ హాల్ కింద గ్యారేజీలో కారు పెట్టి, టికెట్ లోపల చూపిస్తే పార్కింగ్ ఫ్రీ. ఫోన్లో కూడా మాట్లాడొచ్చు గానీ నేను మనిషిగా కనిపించాలనుకున్నాను. ఛాంబర్‌లో కెమెరాలు, వెనక వరసల్లో ఏవేవో అంశాల మీద మాట్లాడటానికి వచ్చినవాళ్ళు. నా పేరు పిలిచేసరికి టెన్షన్‌తో గొంతు తడారిపోయింది. ఎదురుగా టైమర్ సెకన్లు లెక్కపెడుతోంది. నేను 21.20, 25 అంకెలు రెండూ చెప్పి, బిల్లు కాగితం ఎత్తి చూపించి, టైమ్ అవకముందే ముగించాను. నా వెనక వచ్చినావిడ పెన్షన్ మీద బతికే ముసలామె. ఆవిడ చెప్పింది కూడా దాదాపు అదే, కాకపోతే కోపంగా.

చివరికి కౌన్సిల్ ఒప్పుకున్న పెంపు ఏడాదికి 3 కోట్ల డాలర్లకి కాస్త లోపే. కస్టమర్ చార్జీ 25 కాదు, 2023 మార్చి నుంచి 13, తర్వాత దశలవారీగా 15. స్లాబులు నాలుగయ్యాయి. ఇది నా మూడు నిమిషాల వల్లే జరిగిందని చెప్పుకోను. నెలల తరబడి కాగితాల మీద వాదించినవాళ్ళది పెద్ద చెయ్యి.

అందరూ చూడలేని గది ఒకటి కూడా ఉందని ఈ పనిలోనే తెలిసింది. టెక్సస్ చట్టం ప్రకారం కౌన్సిల్ మీటింగులు బహిరంగంగా జరగాలి, అజెండా ముందుగా పెట్టాలి. కానీ ఊరి కరెంటు సంస్థలకి ఒక మినహాయింపు ఉంది. పోటీకి సంబంధించిన విషయాలు, అంటే కరెంటు ఎంతకి కొంటున్నారు లాంటివి, తలుపులు మూసుకుని మాట్లాడుకోవచ్చు. 2008లో తూర్పు టెక్సస్‌లోని నాకొడోచెస్ దగ్గర కట్టెలతో నడిచే 100 మెగావాట్ల ప్లాంటు నుంచి 20 ఏళ్ళు కరెంటు కొనడానికి కౌన్సిల్ 230 కోట్ల డాలర్ల ఒప్పందానికి ఓకే చెప్పింది. ఆ తర్వాత సహజవాయువు ధరలు పడిపోయి ఆ కరెంటు భారమైంది. 2019లో సిటీ ఆ ప్లాంటునే 46 కోట్లకి కొనేసి ఒప్పందం నుంచి బయటపడింది. కరెంటు కొనుగోలు ఖర్చు మన ట్రూ-అప్ చార్జీల్లాగే బిల్లులో విడిగా ఇంకో లైనుగా వస్తుంది. దాన్ని బేస్ రేట్లంత లోతుగా విచారించరు. నాకు ఇదే పెద్ద లోపంగా తోస్తుంది.

ఇంకొక సంగతి. ఈ సంస్థ ఆదాయంలోంచి ఏటా 10 కోట్ల డాలర్ల పైన సిటీ జనరల్ ఫండ్‌కి వెళ్తుంది. పోలీసులు, లైబ్రరీలు, పార్కుల ఖర్చు అందులోంచే. సిటీ హద్దు బయట ఉండి ఇదే కరెంటు కొనేవాళ్ళ డబ్బూ అందులోకే వెళ్తుంది, కానీ వాళ్ళకి కౌన్సిల్‌కి ఓటు లేదు. అందుకే వాళ్ళకి మాత్రం చట్టం వేరే దారి ఇచ్చింది. సంతకాలు సేకరించి రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. 2012 పెంపు మీద అలాగే వెళ్ళి, రాజీలో తక్కువ రేట్లు తెచ్చుకున్నారు. నాన్న అడిగిన ఈఆర్‌సీ ఉంది, ఊరి బయటివాళ్ళకి మాత్రమే.

2023 ఫిబ్రవరిలో మంచు పేరుకుని చెట్లు కూలి, ఊళ్ళో లక్షన్నరకి పైగా కనెక్షన్లు ఒకేసారి పోయాయి. కొన్ని ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు రాలేదు. సుమారు రెండు వారాలకే కౌన్సిల్ 10-1 ఓట్లతో సిటీ మేనేజర్ని తీసేసింది. ఆ వార్త చెప్పినప్పుడు నాన్న కాసేపు ఆలోచించి, "అయితే అడిగేవాడు ఉన్నాడన్నమాట" అని, వెంటనే "మరి ఆ కట్టెల ప్లాంటు కొన్నవాళ్ళని ఎవరడిగారు?" అన్నారు.