దేవకి అడిగిన ఆరుగురు

కృష్ణాష్టమికి గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో బుల్లి పాదాలు వేస్తాం. ఆ వచ్చేవాడు దేవకికి ఎనిమిదోవాడు. ఏడోవాడు బలరాముడు, రోహిణి కడుపులోకి మారి బతికిపోయాడు. వాళ్ళకి ముందు పుట్టి, పుట్టగానే పోయిన ఆరుగురి మాట పండగపూట ఎవరూ ఎత్తరు. పిల్లలకి కథ చెప్పేటప్పుడు కూడా "కంసుడు ఆరుగురినీ చంపేశాడు" అని ఒక్క ముక్కలో దాటేస్తాం.

దేవకి మాత్రం దాటలేదు. భాగవతం దశమ స్కంధంలో, సంస్కృత మూలంలో 85వ అధ్యాయంలో, ఆ సంగతి ఉంది. అప్పటికి కంసుడు పోయి ఎన్నేళ్ళో అయింది. ద్వారకలో ఏ లోటూ లేదు. అయినా ఆవిడ బలరామకృష్ణుల్ని కూర్చోబెట్టుకుని, మీ గురువుగారి చచ్చిపోయిన కొడుకుని యముడి దగ్గర్నించి తెచ్చిచ్చారటగా, నా పిల్లల్ని కూడా నాకు ఒక్కసారి చూపించండి అని అడిగింది.

మా మేనకోడలికి ఏడో నెలలోనే కాన్పయి, బాబు కాకినాడ ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, వారం కూడా ఉండకుండా పోయినప్పుడు, వచ్చిన ప్రతివాళ్ళూ అన్న మాట ఒకటే. "చిన్నదానివి, మళ్ళీ కడుపు పండుద్దిలే, ఊరుకో." ప్రేమతోనే అన్నారు. కానీ సాక్షాత్తు భగవంతుడే కొడుకై పుట్టినా దేవకికి ఆ ఆరుగురి చోటు నిండలేదు. ఇక ఇంకొకరు పుడితే సరిపోతుందని మనం ఎలా చెబుతాం?

కొందరు ఇంకాస్త ముందుకెళ్ళి "జాతస్య హి ధ్రువో మృత్యుః" అందుకున్నారు. గీత చెప్పినవాడు కృష్ణుడే కదా. విల్లు జారవిడిచిన అర్జునుడికి ఆ శ్లోకం చెప్పాడు. కన్నతల్లి వచ్చి అడిగితే శ్లోకం చదవలేదు. అన్నగారితో కలిసి, ఆ పిల్లలున్న సుతలమనే కింది లోకానికి, బలి చక్రవర్తి దగ్గరికి బయలుదేరాడు. చిత్రకేతు మహారాజు కథా ఈ భాగవతంలోనే ఉంది. చచ్చిపోయిన పసివాడి జీవుణ్ణి నారదుడు పిలిస్తే, "ఏ జన్మలో వీళ్ళు నాకు తల్లిదండ్రులు?" అని అడుగుతాడు. గొప్ప కథే. నన్నడిగితే, పురిటి మంచం ఇంకా తియ్యని ఇంట్లో చెప్పే కథ మాత్రం కాదు.

సుతలంలో కృష్ణుడు ఆ పిల్లల్ని పేరుపేరునా చెప్పాడు. స్మరుడు, ఉద్గీథుడు, పరిష్వంగుడు, పతంగుడు, క్షుద్రభృత్తు, ఘృణి. నేను ఎక్కువసేపు ఆగిపోయేది ఇక్కడే. మన దగ్గర బారసాల కాకుండా పోయిన బిడ్డకి పేరుండదు. ఆసుపత్రి కాగితాల్లో "బేబీ ఆఫ్" అని రాసి పక్కన తల్లి పేరు పెడతారు. రెండేళ్ళు నిండని పసివాళ్ళకి దహనం లేదు, భూమిలోనే పెడతారు. పిండాలూ తర్పణాలూ ఉండవు. తీర్చాల్సిన కర్మ ఏదీ ఆ బిడ్డకి అంటలేదు కాబట్టి అని పెద్దలు చెబుతారు. ఆ మాటలో గౌరవం ఉంది, కాదనను. కానీ సిజేరియన్ కుట్లతో మంచం మీదున్న తల్లికి తెలిసేది వేరు. మగవాళ్ళు నలుగురూ వెళ్ళి గోదారి ఒడ్డున పని ముగించుకుని తలస్నానం చేసి వచ్చేశారు, అంతే. మా మేనకోడలూ వాళ్ళాయనా బిడ్డ కడుపులో ఉన్నప్పుడే ఒక పేరు పెట్టుకుని పిలుచుకునేవారట. ఆ పేరు మాకెవరికీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ ఆరుగురినీ చూడగానే దేవకికి చేపు వచ్చింది. ఒళ్ళో పెట్టుకుని, మాడు మీద ముక్కు ఆనించి మళ్ళీ మళ్ళీ వాసన చూసింది. కృష్ణుడు తాగిన పాలే వాళ్ళకీ ఇచ్చింది.

నెలలు నిండని బిడ్డకి ఊపిరితిత్తుల్లో గాలి గదులు అతుక్కుపోకుండా కాపాడే పూత సరిగా తయారై ఉండదు. మందు గొట్టంలోంచి వేస్తారు, వెంటిలేటర్ పెడతారు. చాలామంది గట్టెక్కుతారు కూడా. మా బాబుకి అది సరిపోలేదు. "అయ్యో, చుక్క పాలైనా తాగకుండానే పోయాడు" అని ఒక పెద్దావిడ అంటే, అప్పటిదాకా నోరు విప్పని అమ్మాయి తలెత్తి, "తాగాడండీ" అంది. ముర్రుపాలు పిండి ఇస్తే నర్సమ్మ దూదిపుల్లతో బుగ్గ లోపల రాసిందట. తర్వాత సన్న గొట్టంలోంచి ఒక్క మిల్లీలీటరు వేశారట. చివర్లో గొట్టాలన్నీ తీసేసి చేతుల్లో పెట్టినప్పుడు మాడు వాసన చూస్తే స్పిరిట్ వాసన వేసిందట. ఈ రెండు సంగతులూ ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి విన్నట్టే వింటాను.

బిడ్డ పోయాడని పాలకి తెలియదు. రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చింది. మా వదిన మల్లెపూలు తెప్పించి కట్టింది. ఇది దక్షిణాదిలో పాత వాడుక. 1988లో వేలూరు వైద్యులు పరీక్షించి, పాలు తగ్గడం నిజమేనని రాశారు కూడా.

మాకు దగ్గర్లోనే పాలకొల్లు క్షీరారామం, పంచారామాల్లో ఒకటి. పాలు పోయలేని పేద తల్లి పిండి కలిపిన నీళ్ళు ఇస్తే, ఉపమన్యుడనే పిల్లవాడు పాల కోసం శివుణ్ణి అడిగాడని, శివుడు పాలగుండమే ఇచ్చాడని స్థలపురాణం. ఆ తల్లికి బిడ్డ ఉండి పాలు లేవు. ఆ గుడికి మా అమ్మాయిని తీసుకెళ్దామని వదిన అంది. ఇప్పుడొద్దన్నాను.

కొన్నాళ్ళకి తనే అడిగితే దేవకి కథ చెప్పాను. ఆ పాలు తాగగానే పిల్లలకి తామెవరో తెలిసింది, అందరికీ దణ్ణం పెట్టి దేవలోకానికి వెళ్ళిపోయారు, దేవకి ఆశ్చర్యపోయింది అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"మళ్ళీ ఎందుకు పంపేశాడత్తా? అంత దూరం వెళ్ళి తెచ్చాడుగా" అంది.

వాళ్ళు మరీచి మహర్షి కొడుకులు, బ్రహ్మని చూసి నవ్వినందుకు అసుర జన్మ వచ్చింది, ఈ పాలతో శాపం తీరిపోయింది అన్నాను. అంతా విని, "అది వాళ్ళకి బాగానే ఉంది. దేవకి సంగతేంటి?" అంది. దానికి భాగవతంలో నాకు జవాబు కనబడలేదు. ఆ మాటే చెప్పాను.