అచ్చు గీత చెదరకుండా రంగు వేయాలంటే ముందు ఇంకు చూసుకోండి

స్టాంపుతో బొమ్మ గీతలు అచ్చు వేసి, లోపల రంగులు నింపి కార్డులు చేయడం మొదలుపెట్టిన అమ్మాయిలు నన్ను ముందుగా అడిగేది ఒకటే, అక్కా ఏ మార్కర్లు కొనాలి అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే, స్టాంపు ఏ ఇంకుతో వేస్తున్నావమ్మా అని. దానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. "నల్ల ఇంకే కదక్కా, ప్యాడ్ ఉండాది ఇంట్లో" అంటారు. నల్ల ఇంకుల్లోనే నాలుగైదు రకాలున్నాయి. అది ఏ రకమో తెలుసుకోకుండా వేలు పోసి మార్కర్ల సెట్టు తెప్పిస్తే, తామరపువ్వు మీద గులాబీ రంగు వేసిన మరుక్షణమే గీతలోని నలుపు రేకుల్లోకి దిగిపోతుంది, అప్పుడు మార్కర్లు మంచివి కావని తిట్టుకుంటారు. మార్కర్ తప్పేం లేదు, ఆ ఇంకుకూ ఆ మార్కర్‌కూ పొత్తు కుదరదు, అంతే.

ఈ పనిలో నేను అన్నిటికంటే ముందు పెట్టే సూత్రం చాలా చిన్నది. గీతను కరిగించే ద్రవం రంగులో ఉండకూడదు. వాటర్ కలర్ వేయాలంటే గీత నీళ్లకు కరగకూడదు. ఆల్కహాల్ మార్కర్ వేయాలంటే గీత ఆల్కహాల్‌కు కరగకూడదు, నీళ్లకు కరిగేదైనా ఫరవాలేదు. కలర్ పెన్సిల్‌తో పొడిగా వేసుకుంటే ఏ ఇంకైనా సరే, బాగా ఆరితే చాలు.

మన తిరుపతికి గంట దూరంలో శ్రీకాళహస్తిలో కలంకారీ పని ఎప్పుడైనా దగ్గరుండి చూసుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల ఇంకు నూలుపోగుల వెంట పాకకుండా, గీసిన చోటే నిలబడుతుంది. తర్వాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవంతో, వెదురు కలం పట్టి నల్ల గీతలు గీస్తారు. ఆ ద్రవంలోని ఇనుమూ కరక్కాయలోని వగరూ కలిసి గుడ్డలోనే నలుపు పుడుతుంది, అది నీళ్లకు కరిగేది కాదు. అందుకే తర్వాత ఎర్ర రంగు అద్దినా, పసుపు అద్దినా, మళ్లీమళ్లీ నీళ్లలో జాడించినా గీత చెక్కుచెదరదు. మనం టేబుల్ మీద చేసుకునే చిన్న కార్డుకూ కావాల్సినవి ఇవే రెండు, రంగు పాకనివ్వని నేల, రంగుకు లొంగని గీత. కాగితంలో ఆ పాలు చేసే పని సైజింగ్ చేస్తుంది, అంటే కాగితం తడిని వెంటనే పీల్చకుండా పట్టించే జిగురు లాంటిది. మంచి వాటర్ కలర్ కాగితాలకు తరచూ జెలటిన్‌తో సైజింగ్ చేస్తారు, అందుకే వాటి మీద రంగు వెంటనే ఇంకిపోకుండా కాసేపు పైనే ఉంటుంది.

ఇక ఇంకుల సంగతి. ఆఫీసుల్లో వాడే మామూలు స్టాంప్ ప్యాడ్‌ను ఈ పనికి దూరంగా పెట్టండి. అది త్వరగా ఆరదు, నీళ్లు తగిలితే పాకుతుంది. ఆల్కహాల్ మార్కర్లతో పనిచేసేవాళ్లు ఎక్కువగా వాడేది సుకినెకో కంపెనీ మెమెంటో, అందులో టక్సీడో బ్లాక్ అనే నలుపు. అది డై ఇంకు, అంటే ద్రవంలో పూర్తిగా కరిగిపోయిన రంగు, పూర్తిగా ఆరాక మార్కర్ పోనిచ్చినా కదలదు. అదే కంపెనీ స్టేజాన్ మాత్రం సాల్వెంట్ ఇంకు, అంటే నీళ్లకు బదులు రసాయన ద్రవంతో చేసింది, గాజు మీదా ప్లాస్టిక్ మీదా కూడా పట్టుకుంటుంది, నీళ్లకు అసలు కరగదు, కానీ ఆల్కహాల్ మార్కర్ తగిలితే చెదిరిపోతుంది. "పర్మనెంట్" అని రాసి ఉంది కదా, అన్నిటికీ పనికొస్తుంది అనుకోవద్దు. వాటర్ కలర్‌కు నా చేయి ముందుగా వెళ్లేది వెర్సాఫైన్ మీదికి. అది పిగ్మెంట్ ఇంకు, అంటే కరగని సన్నటి రంగు పొడితో చేసింది, సన్నగీతలు కూడా స్పష్టంగా పడతాయి, ఆరాక నీళ్లకు లొంగదు. ఆరడానికి మాత్రం టైమ్ కావాలి, అందులోనూ మనకు వానలు దంచే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది, తొందరపడితే అరచేయి తగిలి మసి అవుతుంది.

పేరు తెలియని ప్యాడ్ మీ దగ్గర ఉంటే, అసలు వాడబోయే కాగితం ముక్క మీదే మూడు అచ్చులు వేసి బాగా ఆరనివ్వండి. ఒకదాని మీద తడి బ్రష్, ఒకదాని మీద రంగులేని బ్లెండర్ మార్కర్ లేదా లేత రంగు ఆల్కహాల్ మార్కర్, మూడోదాని మీద, మీరు పెన్సిల్ రంగును పరచడానికి టర్పెంటైన్ వాడేవాళ్లయితే, అది. ఏది చెదిరిందో పక్కన రాసి నోట్‌బుక్‌లో అతికించుకోండి. యూట్యూబ్‌లో ఎవరు ఏం చెప్పినా సరే, మీ ప్యాడ్‌కూ మీ కాగితానికీ మీ ముక్క చెప్పిందే లెక్క.

ఆల్కహాల్ మార్కర్ల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. 1987లో జపాన్‌లో మొదలైన కాపిక్ మార్కర్లలో మొత్తం 358 రంగులున్నాయి, ఇంకు అయిపోతే మళ్లీ నింపుకోవచ్చు, ములికి అరిగిపోతే మార్చుకోవచ్చు. ధర మాత్రం ఒక్కో మార్కర్‌కే గుండె పట్టుకునేంత ఉంటుంది. ఓహుహు, బ్రుస్ట్రో లాంటివి చవక, కొత్తవాళ్లకు వాటితో పని జరిగిపోతుంది, వాటిని తక్కువగా చూడాల్సిన పనిలేదు. ఏ కంపెనీదైనా సరే, 80 రంగుల సెట్టు కంటే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే మూడు రంగులు మీకు ఎక్కువ ఉపయోగం. కాపిక్ మూత మీద ఉండే కోడ్ చూడండి, వైజీ03 అనుకోండి. అక్షరాలు రంగు కుటుంబం, మొదటి అంకె ఆ రంగు ఎంత మసకబారిందో చెప్తుంది, చివరి అంకె ఎంత ముదురో చెప్తుంది. కాబట్టి వైజీ03, వైజీ05, వైజీ07 ఒకే వరసలో లేత నుంచి ముదురుకు వెళ్తాయి, చక్కగా కలుస్తాయి. లేతది మొత్తం వేసి, అది తడిగా ఉండగానే నీడ పడే చోట ముదురు వేసి, రెండూ కలిసే అంచు మీద మళ్లీ లేతది తిప్పాలి. గీత దాకా పోకుండా వెంట్రుకవాసి ముందే ఆపేయండి, మిగతా దూరం ఇంకు తనే పాకుతుంది. మే నెల ఎండల్లో ఫ్యాన్ కింద కూర్చుంటే మార్కర్ ఎంత త్వరగా ఆరిపోతుందంటే రంగులు కలపడానికి టైమే దొరకదు, అందుకని పెద్ద చీర కుచ్చిళ్లు ఒకేసారి కాకుండా మడత మడతగా వేసుకోవాలి. కింద ఒక పిచ్చి కాగితం పెట్టడం మర్చిపోవద్దు, ఇంకు వెనక్కి దిగడం ఈ మార్కర్ల స్వభావం. రెండు వైపులా ములికి ఉన్న మార్కర్లను పడుకోబెట్టి దాచుకోండి.

మనుషుల బొమ్మలున్న స్టాంపుల దగ్గర నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది. ఒంటిరంగు అని సెట్లలో ఇచ్చే మార్కర్లు చాలా వరకు లేత గులాబీ మీదే ఉంటాయి. లంగాఓణీ వేసుకుని పూలజడతో ఉన్న అమ్మాయి బొమ్మకు ఆ రంగు వేస్తే ఆ పిల్ల మన వీధి పిల్లలా ఉండదు. కాపిక్‌లో E33, E35, E37 కోడ్‌ల వరస తీసుకోండి, ఇసుక రంగు నుంచి బంగారు గోధుమ దాకా వెళ్తుంది. నీడకు ఇంకా ముదురు గోధుమ కలిపితే మన మేనిఛాయ నిండుగా వస్తుంది. చిన్నపిల్లలకు ఇచ్చే కార్డుల్లో ఇది మరీ ముఖ్యం, బొమ్మలో తమ రంగు కనిపిస్తే వాళ్లు ఎంత సంతోషపడతారో నేను కళ్లారా చూశాను.

వాటర్ కలర్‌కు కాగితం మీదే ఎక్కువ డబ్బు పెట్టండి, రంగులు క్యామెల్ వాళ్ల బిళ్లలైనా చాలు. కాగితం బరువు 300 జీఎస్‌ఎం (ఈ లెక్క కింద చెప్తాను) కంటే తక్కువైతే తడికి ఉబ్బి వంకర తిరుగుతుంది. పూర్తి నూలు గుజ్జుతో చేసినది నీళ్లను ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, ఖరీదు కూడా అలాగే ఉంటుంది. కోల్డ్ ప్రెస్ కాగితం గరుకుగా ఉంటుంది కాబట్టి సన్నగీతల స్టాంపు దాని మీద తెగితెగి పడుతుంది, హాట్ ప్రెస్ నున్నగా ఉంటుంది కాబట్టి అచ్చు శుభ్రంగా పడుతుంది. కొత్తవాళ్లు నేరుగా హాట్ ప్రెస్‌కే వెళ్లడం మేలు.

గీత లోపలే రంగు ఉంచడం కష్టంగా అనిపిస్తే ఎంబాసింగ్ చేసి చూడండి. అంటుకునే వెర్సామార్క్ ఇంకుతో అచ్చు వేసి, నల్ల ఎంబాసింగ్ పౌడర్ చల్లి, మిగిలింది దులిపి, హీట్ గన్‌తో కరిగిస్తే గీత ఉబ్బెత్తుగా, పొలానికి గట్టు వేసినట్టు నిలబడుతుంది, నీళ్ల రంగు ఆ గట్టు దాటి పోదు. అచ్చు వేసేముందు కాగితం మీద టాల్కం పౌడరును పల్చటి గుడ్డతో అద్దితే ఎంబాసింగ్ పౌడర్ అక్కర్లేని చోట అంటుకోదు. హెయిర్ డ్రైయర్‌తో ఈ పని కాదు, దానికి అంత వేడి ఉండదు, పైగా గాలికి పౌడర్ ఎగిరిపోతుంది. ఫ్యాన్ కూడా ఆపాల్సిందే, తిరుపతి ఎండాకాలంలో అది ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు, నేనైతే ఈ పని తెల్లవారుజామున పెట్టుకుంటాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మాత్రం కలర్ పెన్సిళ్లు. వాసన లేదు, ఆరిపోయే తొందర లేదు, కరెంటు పోయినా కిటికీ దగ్గర కూర్చుని వేసుకోవచ్చు. మైనంతో చేసే ప్రిస్మాకలర్ ప్రీమియర్ మెత్తగా, నిండుగా పడుతుంది, ముదురు రంగులు దట్టంగా వేస్తే కొన్నాళ్లకు పైన తెల్లటి పొర వస్తుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఫేబర్ కాస్టెల్ పాలిక్రోమోస్ 1908 నుంచి వస్తున్నవి, నూనె ఆధారంగా చేసే పెన్సిళ్లు, 120 రంగులు, మొన బాగా నిలుస్తుంది కాబట్టి చిన్న చిన్న నగల దగ్గర చాలా బాగుంటాయి. స్కూలు పెన్సిళ్లలో రంగు తక్కువ, ఎంత రుద్దినా ఒక దశ దాటి ముదరవు, కానీ నొక్కకుండా పొర మీద పొర వేయడం వాటితోనే నేర్చుకోవచ్చు. పెన్సిల్‌కు కాగితం మరీ నున్నగా ఉండకూడదు, రెండు మూడు పొరలకే జారడం మొదలవుతుంది.

స్కెచ్ పెన్నులున్నాయి కదా అంటారు కొందరు. నేరుగా వేస్తే కాగితం పొట్టు లేస్తుంది, చారలు పడతాయి. ప్లాస్టిక్ కవర్ మీద గీసి తడి బ్రష్‌తో ఎత్తుకుంటే మాత్రం నీళ్ల రంగులా వాడుకోవచ్చు. పోస్టర్ కలర్ గీతనే మూసేస్తుంది, అచ్చు వేసిన బొమ్మకు వద్దు. బంగారు రంగు జెల్ పెన్ను చివర్లో, జరీ అంచుకు మాత్రమే.

కాగితం బరువు ఎలా తెలుసుకోవాలి అని కూడా అడుగుతుంటారు. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని. ఏ4 షీట్లు 16 కలిస్తే ఒక చదరపు మీటరు, అంటే 80 జీఎస్‌ఎం జిరాక్స్ కాగితం ఒకటి 5 గ్రాములు, 300 జీఎస్‌ఎం షీటు దాదాపు 19 గ్రాములు. వంటింటి డిజిటల్ తూకం ఉంటే షాపువాడు చెప్పింది నిజమో కాదో తేలిపోతుంది. యూనివర్సిటీ వైపు, గాంధీ రోడ్డు వైపు స్టేషనరీ షాపుల్లో దళసరి తెల్ల షీట్లు అడిగి ముందు ఒక్కటే తెచ్చుకోండి, మార్కర్‌తో చుక్క పెట్టండి. చుక్క అంచు గుండ్రంగా నిలిస్తే కట్ట కొనుక్కోవచ్చు, వేళ్లు చాపినట్టు పాకితే ఆ షీటు ఎంబాసింగ్‌కో కవర్లకో వాడుకోండి.

శుభలేఖలు, పెళ్లి ట్యాగులు చేసేవాళ్లకు ఇంకో మాట. మన ఇళ్లలో శుభలేఖ ఎవరికైనా ఇచ్చేముందు నాలుగు మూలలా తడి పసుపు రాస్తారు, మొదటిది కొండ మీద స్వామికి పంపేవాళ్లు మరీ శ్రద్ధగా రాస్తారు. ఆ తడి వేళ్లు కార్డంతా తిరుగుతాయి. కాబట్టి అక్కడ నీళ్లకు కరిగే ఇంకూ వద్దు, నీళ్ల రంగూ వద్దు. వెర్సాఫైన్ అచ్చు, పైన పెన్సిల్ వేయండి, మూలల్లో బొమ్మ పెట్టకుండా ఖాళీ వదిలేయండి. వరలక్ష్మీ వ్రతం పిలుపు కార్డులకూ నేను ఇదే పద్ధతి పాటిస్తాను. ఫ్రేము కట్టించి గోడకు పెట్టే బొమ్మకైతే ఆల్కహాల్ మార్కర్ వాడను, వాటిలో ఉండేది డై కాబట్టి వెలుతురుకు వెలిసిపోతాయి. అనుమానం ఉంటే రంగు వేసిన ముక్కను సగం నల్ల కాగితంతో మూసి ఎండ పడే కిటికీకి అతికించండి, మన ఎండలు చాలా త్వరగా నిజం చెప్పేస్తాయి.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు వెర్సాఫైన్ నలుపు ఒకటి, కాస్త గరుకున్న 250 జీఎస్‌ఎం షీట్లు కొన్ని, 24 రంగుల పెన్సిళ్లు తీసుకుంటే కొన్ని నెలలు హాయిగా గడిచిపోతాయి. చేయి కుదిరాక మెమెంటో ప్యాడ్, మూడు మార్కర్లు కొనండి. ఆ మూడూ ఆకుపచ్చ వరసలోవే అయితే మంచిది, మనం వేసే బొమ్మల్లో మామిడాకో, తామరాకో, అరటాకో లేనిది అరుదు, రంగులు కలపడం దాని మీదే ఎక్కువసార్లు చేయాల్సి వస్తుంది.