ఆస్ట్రేలియాలో రిజిస్టర్ కాని మందు మా పేషెంటుకి ఎలా తెప్పించామంటే

నేను ఆస్ట్రేలియాలో పిల్లల డాక్టర్‌ని. ఒక బాబుకి ఫిట్స్ ఏ మందుకీ లొంగడం లేదు. యూరప్‌లో ఏళ్లుగా వాడుతున్న మందు ఒకటి పనికొస్తుందని న్యూరాలజిస్టూ నేనూ అనుకున్నాం. చిక్కల్లా, అది ఏఆర్‌టీజీలో, అంటే ఇక్కడ అమ్మకానికి అనుమతి ఉన్న మందుల రిజిస్టర్‌లో, లేదు.

రిజిస్టర్‌లో లేనంత మాత్రాన పరీక్షించి తిరస్కరించారని కాదు. చాలాసార్లు కంపెనీ దరఖాస్తే పెట్టదు, వాడేవాళ్లు తక్కువ కాబట్టి. మనందరికీ తెలిసిన టీబీ మందు పైరజినమైడ్ కూడా ఇక్కడ ఇలా ప్రత్యేక అనుమతి దారిలో వాడుతూ వచ్చిందే. బాబు తల్లికి ఈ సంగతి ముందే చెప్పాను. "ఏమైనా అయితే బాధ్యత ఎవరిది?" అని అడిగారావిడ. రాసిన డాక్టర్‌గా నాదే అన్నాను. ఈ మందు నాణ్యతనీ భద్రతనీ టీజీఏ, అంటే మందులకి అనుమతులిచ్చే ఇక్కడి ప్రభుత్వ సంస్థ, పరిశీలించలేదని కూడా దాచకుండా చెప్పాకే సమ్మతి పత్రం ఇచ్చాను.

ఈ దారి పేరు స్పెషల్ యాక్సెస్ స్కీమ్. ప్రాణాపాయంలో ఉన్న రోగికైతే కేటగిరీ ఎ: ముందు మందు ఇచ్చి, 28 రోజుల్లోగా టీజీఏకి తెలియజేస్తే చాలు. ఎప్పట్నుంచో వాడుకలో ఉన్న కొన్ని మందులకి, ఫలానా జబ్బుకి అని జాబితా వేసి కేటగిరీ సి పెట్టారు. మాది ఆ రెండిట్లోకీ రాలేదు. మిగిలింది కేటగిరీ బి, అంటే అనుమతి వచ్చాకే మందు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఫీజు లేదు. బాబు పేరు అక్కర్లేదు, పేరుకీ ఇంటి పేరుకీ పొడి అక్షరాలూ, పుట్టిన తేదీ చాలు. అసలు శ్రమంతా వైద్య కారణాలు రాసే గడిలోనే. "ఇతర మందులు పనిచేయలేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే కుదరదు. ఏ మందు, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు వాడాం, ఎందుకు ఆపాం, ఒక్కోటీ రాశాను. ఒకదానికి ఒళ్లంతా దద్దురు లేచింది, ఇంకోదానికి పిల్లాడు స్కూల్లో కళ్లు తెరవలేకపోయాడు. తర్వాత కొత్త మందు మీద వచ్చిన అధ్యయనాలు, లివర్ పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయిస్తామన్నది. ఈ గడి నింపడానికి కేస్ షీటు మొదటి పేజీ నుంచి తిరగేయాల్సి వచ్చింది. అలా తిరగేయడమే మంచిదని నా అభిప్రాయం.

అనుమతి వచ్చినంత మాత్రాన మందు చేతికి రాదు. సరఫరా చేయాలని కంపెనీని టీజీఏ బలవంతపెట్టదు. పీబీఎస్ సబ్సిడీ, అంటే మందుల ధరలో ప్రభుత్వం భరించే భాగం, కూడా మామూలుగా వర్తించదు. ఆ ఖర్చు ఆ తల్లి మీద పడకూడదని హాస్పిటల్ మందుల కమిటీకి విడిగా అర్జీ పెట్టాను. దిగుమతిదారుతో మాట్లాడి స్టాక్ తెప్పించింది మాత్రం మా ఫార్మసిస్టే. మీరూ మీ ఫార్మసిస్టుని మొదటి రోజే కలుపుకోండి.

అనుమతికి గడువు ఉంటుంది. మందు సముద్రం దాటి రావాలి కాబట్టి, గడువు దగ్గరపడే దాకా ఆగకుండా బాబు ఫిట్స్ డైరీ జతచేసి రెండో దరఖాస్తు ముందే పెట్టేశాను.