పదేళ్లేగా అనుకుంది

"బొమ్మల సీరియల్‌కి ఇంత ఏడుపేంటక్కా?" అని తమ్ముడు అడిగేసరికి నా కంచంలో పెరుగన్నం ఎండిపోయి ఉంది.

ఫ్రీరెన్ అనే జపాన్ బొమ్మల సీరియల్ మొదటి ఎపిసోడ్. నేను చూడటం ఇది మూడోసారి, అయినా అంతే. రాక్షసరాజుని చంపిన జట్టులోని వీరుడు హిమ్మెల్‌ని పూడ్చిపెడుతుంటే, అప్పటిదాకా ముఖంలో ఏమీ కనబడని ఫ్రీరెన్, అదే ఆ జట్టులోని ఎల్ఫ్ (మనుషుల కంటే ఎన్నో రెట్లు బతికే జాతి) అమ్మాయి, ఉన్నట్టుండి ఏడ్చేస్తుంది. పదేళ్లు కలిసి తిరిగాం, అంతే కదా, ఇతని గురించి నాకేమీ తెలియదు, మనుషులు తొందరగా పోతారని తెలిసీ ఎందుకు తెలుసుకోలేదు అని. వెయ్యేళ్లు దాటి బతికిన దానికి పదేళ్లు ఏపాటి!

దీని మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, 2020లో షోనెన్ సండే పత్రికలో మొదలైంది. అందులో ఈ ఘట్టం నిశ్శబ్దంగా అయిపోతుంది, నాకు అదీ ఇష్టమే. 2023లో మ్యాడ్‌హౌస్ స్టూడియో వాళ్లు తీసిన ఈ సీరియల్‌లో మాత్రం ఇవాన్ కాల్ సంగీతం తోడై గొంతు పట్టేస్తుంది. రాక్షసరాజుని చంపేశాక కథ మొదలుపెట్టాలన్న ఆలోచన ఎలా వచ్చిందో మహానుభావులకి.

సరే, కంచం కడుగుతుంటే హాస్టల్ రూమ్మేట్ గుర్తొచ్చింది. నాలుగేళ్లు ఒకే గది, ఒకే బకెట్, ఒకే ఆవకాయ సీసా. వాళ్లది పాల్వంచ దగ్గర ఏదో ఊరు. ఆ "ఏదో" దగ్గరే ఆగిపోయాను. ఊరి పేరు నిజంగా తెలియదు నాకు, ఎప్పుడూ అడగలేదు.

చేతులు తుడుచుకుని "ఏమే, మీ ఊరి పేరేంటే?" అని మెసేజ్ పెట్టా, ఆరేళ్ల తర్వాత, పలకరింపు కూడా లేకుండా.

రెండు టిక్కులు పడ్డాయి. ఇంకా నీలం కాలేదు.